తుప్పు పట్టిన పాత కారు: బాగుచేయించవలెనా, వదలుకొనవలెనా?

తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవములు కార్తిక మాసమున జరుగును. పంచమీతీర్థమునాడు పద్మసరోవరమున మునుగుటకు వచ్చు బంధువులతో ఊరిలోని యిండ్లు నిండిపోవును. అందుకై కొన్నిదినములు ముందుగనే పెరళ్లు, కొట్టములు శుభ్రపరచుకొందురు. అట్లు శుభ్రపరచునపుడు ఒక యింటి పెరటిలో, చింతచెట్టు క్రింద, టార్పాలిన్ గుడ్డ కప్పియున్న అంబాసిడరు కారు ఒకటి బయటపడినదనుకొందము. 1984లో ఇంటి పెద్దాయన కొన్నది. పెండ్లిండ్లకు, పురుళ్లకు, కొండకు, కాణిపాకమునకు ఇంటిల్లిపాదిని మోసినది. ఆయన పోయిన తరువాత కదలలేదు. గుడ్డ తీసి చూడగా తలుపుల అంచులు ఎఱ్ఱబారియున్నవి. మడ్‌గార్డుల మీది రంగు బొబ్బలెత్తినది. డిక్కీ అడుగున పిడికిలి పట్టునంత రంధ్రము కనబడినది.

ఇంటిలో నాలుగు మాటలు లేచును. ముసలితల్లి, "మీ నాయన కొన్న బండిరా, దాన్ని మాత్రం అమ్మొద్దు" అనును. కోడలు, "దాని మీద పెట్టే దుడ్డుతో ఇంకో కారే వస్తుంది కదత్తా" అనును. టింకరింగు షెడ్డు మేస్త్రి వచ్చి బండిచుట్టును ఒకమారు తిరిగి, "సామీ, రెండు వారాలు ఇయ్యండి, కొత్త పెండ్లికొడుకు మాదిరి చేసిస్తా" అనును. పాత ఇనుము కొనువాడు గేటువద్ద నిలిచి కిలోకు ఇంతయని ధర చెప్పును. నలుగురును తమ తమ దృష్టిలో సత్యమే చెప్పుచున్నారు. కాని ఆ నలుగురిలో ఎవరును కారు క్రిందికి వంగి చూడలేదు. ఈ ప్రసంగమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయము అదియే. తుప్పు పట్టిన కారు బ్రతుకునో బ్రతకదో దాని అడుగు భాగము చెప్పవలెను. పైరంగు చెప్పజాలదు.

తుప్పు ఎట్లు పట్టును?

తుప్పు పుట్టుటకు ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని అను మూడును ఒకచోట కూడవలెను. ఏ ఒక్కటి లేకున్నను తుప్పు పుట్టదు. ఉప్పు చేరినచో పని వేగిరపడును. ఏలయన తుప్పు పట్టుట యనునది లోహపు ఉపరితలముపై జరుగు సూక్ష్మమైన విద్యుద్రసాయన చర్య. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును. అల్యూమినియముపై పుట్టు పొర దానిని గట్టిగా అంటుకొని క్రింది లోహమును కాపాడును. ఇనుపతుప్పు స్వభావము వేరు. అది గుల్లగా ఉండి నీటిని పీల్చి నిలుపుకొనును. తాను పుట్టిన ఇనుముకంటె రెండు మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, చోటు ఆక్రమించును. రంగు బొబ్బలెత్తుటకు కారణమిదియే. పైన బొబ్బ కనబడునాటికి లోపల ఎంతోకాలముగా పని సాగుచున్నదని గ్రహింపవలెను.

కారు తుప్పు పట్టుట తరచు లోపలినుండి బయటికి జరుగును. తలుపుల అడుగునను, ముందు అద్దము క్రిందను నీరు జారిపోవుటకు చిన్న చిన్న రంధ్రములుండును. చింతాకు, వేపాకు రాలి కుళ్లి ఆ రంధ్రములను మూసివేయును. అంతట నీరు పోవు దారి లేక రేకుల మడతలలో నిలిచిపోవును. తిరుపతి ప్రాంతమునకు నైఋతి ఋతుపవనపు జల్లులతోపాటు అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్య ఋతుపవనపు వానలు కూడ కలవు. ఆ నెలలలో కారును నేలవరకు టార్పాలినుతో కప్పియుంచుట దానిని కాపాడుట కాదు. తడిని లోపల బంధించుటయే. గాలి ఆడు పైకప్పు మేలు. ఉప్పదనముగల బోరునీటితో కడిగి, తుడువక విడిచిపెట్టుటయు మంచిది కాదు. వాహనపూజ చేయించినపుడు కొట్టిన కొబ్బరికాయ నీరు బంపరు మడతలలో చేరును. దానివలన పెద్ద హాని లేదు. మంచినీటితో కడిగిన చాలును.

వరదనీట మునిగిన కారు సంగతి వేరు. 2021 నవంబరులో తిరుపతి పరిసరములలో కుండపోతగా వానలు కురిసి స్వర్ణముఖి పొంగినపుడు ఎన్నో వాహనములు నీటిపాలయినవి. అట్టి బండ్లలో బురద, కంటికి కనబడని బోలు భాగములలోనికి చేరి, పైన అంతయు ఆరిన పిమ్మటను లోపల తడిగానే యుండును. చెన్నైనుండి పాతకారు కొని తెచ్చుకొనువారు మరింత జాగరూకులై యుండవలెను. అచ్చట సముద్రపు గాలి ఉప్పు ఒకటి, 2015 నాటివంటి వరదలు మరొకటి. సీట్ల క్రింది పట్టాలను, డిక్కీలో స్టెపినీ చక్రమునుంచు గుంటను చూచినచో ఒండ్రు మట్టి సాక్ష్యము చెప్పును.

మన తెలుగువారు పెక్కురు స్థిరపడియున్న అమెరికా ఉత్తర రాష్ట్రములలో, మంచు కరగుటకై శీతకాలమున రోడ్లపై ఉప్పు చల్లుదురు. అచ్చటి కార్లకు ఇంజను బాగుండగనే అడుగు భాగము తుప్పుచే నశించుట సామాన్యము. మనకు ఆ బాధ లేదు. కావున విదేశపు పుస్తకములు చెప్పు వయఃపరిమితులను మన బండ్లకు అట్లే అన్వయింపరాదు. మన కారును మనమే పరీక్షించుకొనవలెను.

పై తుప్పు, ప్రాణముమీది తుప్పు

తుప్పు అంతయు ఒకటి కాదు. ఏ భాగమునకు పట్టినదను విషయమునుబట్టి దాని తీవ్రత మారును. లారీలకు, పాత జీపులకు క్రింద దృఢమైన ఇనుప ఛాసిస్ ఉండును. శరీరము దానిమీద బిగించిన పెట్టె మాత్రమే. అట్టి బండి పైరేకు చిల్లులుపడినను ఛాసిస్ దృఢముగా ఉన్నచో భారము మోయుటకు లోటు లేదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 కార్లకు అట్టి ప్రత్యేకమైన ఛాసిస్ లేదు. రేకులను మడిచి, పెట్టెలవలె కూర్చి అతికిన శరీరమే భారమును మోయును. అగ్గిపెట్టె ఉదాహరణ చూడుడు. పలుచని అట్టయే అయినను, నాలుగు ప్రక్కలు కలిసియున్నంతవరకు అది నొక్కుడునకు ఆగును. ఒక్క ప్రక్క చించినచో వ్రేలితో నొక్కినను అణగిపోవును. ఈ కార్ల సంగతియు ఇంతియే.

అంబాసిడరును గూర్చి మనలో ఒక నమ్మకము కలదు: "దాని రేకు మందము, దానికేమి కాదు" అని. బ్రిటను దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో, 1950ల చివరినుండి 2014 మే వరకు తయారయిన ఆ కారు గట్టిదే. అయినను మందమైన రేకునకు తుప్పు పట్టకపోదు. తినివేయుటకు కొంత ఎక్కువకాలము పట్టును, అంతే.

కావున తుప్పును మూడు తరగతులుగా విభజించి చూడవలెను. మొదటిది పై తుప్పు: మడ్‌గార్డుల అంచులు, తలుపుల పైరేకు, బానెట్టు, డిక్కీ మూత. వీనిని విప్పి మార్చవచ్చును, లేదా అతుకు వేయవచ్చును. ఇవి చూపునకు వికారమే గాని ప్రయాణికులకు ప్రమాదము తక్కువ.

రెండవది నేలరేకు తుప్పు: కాళ్ల క్రింది రేకు, డిక్కీ అడుగు. కొద్దిగా ఉన్నచో సాధ్యమే. సీట్లును, సీటు బెల్టులును బిగించిన చోటికి వ్యాపించినచో మూడవ తరగతిలోనికి పోవును.

మూడవది ప్రాణముమీది తుప్పు. తలుపుల క్రింద ముందు చక్రమునుండి వెనుక చక్రమువరకు పెట్టెవలె సాగు దూలము. వెనుక కమాన్ కట్టల కొనలు శరీరమునకు తగులుకొను స్థలములు. ముందు చక్రముల సస్పెన్షను, స్టీరింగు పెట్టె బిగించిన చోట్లు. ఇరుసు ఇరువైపుల నున్న అడ్డు దూలములు. వీనితోపాటు బ్రేకు నూనె ప్రవహించు సన్నని ఉక్కు గొట్టములును, పెట్రోలు గొట్టములును.

ఎంత దూరమువరకు పట్టినచో ప్రమాదమను ప్రశ్నకు బ్రిటను వారి ఆచారము ఒక మంచి కొలబద్ద. అచ్చట 1960నుండి వాహన పరీక్ష చట్టబద్ధముగా జరుగుచున్నది. మూడేండ్లు దాటిన కార్లు ఏటేటా పరీక్షకు నిలువవలెను. సస్పెన్షను, స్టీరింగు, సీటు బెల్టులు మొదలగునవి బిగించిన స్థలమునకు 30 సెంటీమీటర్ల లోపల, భారము మోయు లోహము తుప్పుచే బలము కోల్పోయినచో ఆ కారు తప్పినట్లే. పాఠశాల పిల్లల స్కేలు ఒకటి తీసికొని మన కారు క్రిందనుకూడ ఇట్లే కొలిచి చూచుకొనవచ్చును.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

మొదట ఒక హెచ్చరిక. కేవలము జాకీపై నిలిపిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. గట్టి ఇనుప స్టాండులనో, వెడల్పయిన కొయ్య మొద్దులనో ఆధారముగా ఉంచి, నిలిచియున్న చక్రములకు రాళ్లు అడ్డము పెట్టిన పిమ్మటనే చూడవలెను. తుప్పు పట్టిన బండికి జాకీ పెట్టు చోటుకూడ మెత్తబడి యుండవచ్చునని మరువరాదు. జాకీ ఎత్తుచుండగా బండి లేవక రేకు లోపలికి అణగినచో, సగము జవాబు అప్పుడే లభించినట్లు.

పగటివేళ, టార్చిలైటు చేతబట్టి, ఒక పాత స్క్రూడ్రైవరుతో పెట్టెదూలము పొడవున తట్టుచు పొండు. గట్టి లోహము ఖంగున మ్రోగును. తుప్పు తిన్నది, లప్పము నింపినది, మొద్దుగా పలుకును. మొద్దుగా పలికిన చోట స్క్రూడ్రైవరుతో ఒత్తి చూడుడు. పొరలు పొరలుగా రాలిపడి, క్రింద గట్టి ఇనుము తగిలినచో ఆశ కలదు. మొన లోపలికి దిగిపోయినచో ఆ భాగము లేనట్లే లెక్క.

చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి పైరేకులపై జరుపుడు. ఇనుప రేకున్నచోట అది పట్టును. లప్పము మందముగా ఉన్నచోట జారిపోవును. ఇదివరకే ఎవరైన రంగుపూసి మోసము కప్పియున్నచో ఇట్లు బయటపడును.

తలుపులు తెరచి మూయుడు. చక్కగా పడుచున్న తలుపు, బండిని ప్రక్కనుండి జాకీతో ఎత్తినపుడు బిగిసినను, సందు పెరిగినను, శరీరము వంగుచున్నదని అర్థము. లోపలి పట్టాలను ఎత్తి చూడుడు. బ్యాటరీ క్రింది పళ్లెమును చూడుడు; ఆమ్లము చిలికి అచ్చటి రేకు తినివేయబడుట మిక్కిలి సామాన్యము. తుదకు బ్రేకు గొట్టములను చక్రమువద్దనుండి ముందువరకు గుడ్డతో తుడిచి చూడుడు. గరుకుగా, గుంటలు పడి, పొలుసులు లేచియున్నచో వానిని మార్చకుండ బండిని వీధి చివరకైనను నడుపరాదు.

ఈ చివరి మాట తిరుపతివారికి మరింత ముఖ్యము. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగుటకును, 1974లో వచ్చిన రెండవది ఎక్కుటకును ఉపయోగపడుచున్నవి. కొండ దిగునపుడు మలుపు మలుపునకు బ్రేకు నొక్కవలసియుండును. నొక్కిన ప్రతిమారు గొట్టములలోని నూనెపై ఒత్తిడి పెరుగును. పలుచబడిన గొట్టము చదునైన బజారులో ఎన్నో నెలలు ఆగవచ్చును. బలముగా నొక్కిన క్షణమునే పగులును. నాలుగు చక్రములకును ఒకే నూనె మార్గముగల పాతబండ్లలో ఒక గొట్టము పగిలినచో నాలుగు బ్రేకులును ఒక్కమారే పోవును. తుప్పువలన కలుగు నష్టము డబ్బుతో తీరునదికాదని తెలుపుటకే ఇంత చెప్పవలసి వచ్చినది.

అతుకు నిలుచునా?

చీకిన బట్టకు అతుకు వేసినచో అతుకు నిలుచును, బట్ట చినుగును. రేకు సంగతియు అట్లే. వెల్డింగు నిలుచుటకు చుట్టును మంచి లోహము ఉండవలెను. కావున మంచి మేస్త్రి మొదట తుప్పు తిన్న భాగమును గట్టి రేకు కనబడువరకు కోసివేయును. పిమ్మట అదే మందముగల క్రొత్త రేకును ఆ ఆకారమునకు మలచి, భారము మోయు భాగములలో అంచు పొడవునా ఎడతెగకుండ వెల్డింగు చేయును. అక్కడక్కడ చుక్కలు పెట్టి, పైన లప్పము మెత్తి, రంగు వేయుట మరమ్మతు కాదు. రోగమునకు పౌడరు పూయుట. తుప్పు తీయక పైన అతికించిన రేకు, మధ్యలో తడిని బంధించి, క్రొత్త రేకునుకూడ త్వరలోనే తినిపించును.

తుప్పును నల్లగా మార్చు ద్రావకములు అంగళ్లలో దొరకును. అవి పైపై తుప్పునకు పనికివచ్చును. గుల్లబారిన లోహమునకు బలము తెచ్చు ద్రావకము ఏదియు లేదు. అతుకు పూర్తియైన పిమ్మట జింకు కలిసిన ప్రైమరు వేయుట, బోలు దూలములలోనికి మైనము వంటి తుప్పునిరోధక నూనె చిమ్మించుట, నీరు జారు రంధ్రములను తెరచియుంచుట అను మూడును చేయించినచో ఆ పని చాలకాలము నిలుచును. వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగ విప్పించుడు. పెట్రోలు టాంకిని దించి దూరముగా ఉంచుమనుడు. ఖాళీ టాంకిలోని ఆవిరి నిండు టాంకికంటె ప్రమాదకరము. టాంకికే అతుకు వేసెదనను వానికి అనుభవము ఎంతయో విచారించిన పిమ్మటనే ఒప్పుకొనుడు.

మేస్త్రిని అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎంత అగును?" అనునది కాదు. "పట్టాలు, సీట్లు తీసి, అడుగు గీకి చూపుటకు ఎంత తీసికొందువు?" అని అడుగుడు. ఆ ఒక్కదినపు కూలి వృథా పోదు. అడుగు గీకకముందు చెప్పిన ధర ఊహయే. పని సాగుచుండగా ప్రతిభాగమును ఫోటో తీసి ఉంచుమనుడు. నిజాయితీగల పనివాడు అందుకు సంతోషించును.

లెక్క చూచు విధము

"బండి వెలకంటె మరమ్మతు ఎక్కువైనచో వదలుకొనుము" అని పలువురు చెప్పుదురు. ఈ సూత్రము అసంపూర్ణము. తుప్పు పట్టిన కారు వెల ఎట్లును తక్కువే. ఆ లెక్కన ఏ పాతకారును బాగుచేయరాదు. సరియైన పోలిక వేరు. అదే నమూనాలో శరీరము గట్టిగానున్న మరొక కారు కొనుటకు ఎంతయగునో, దానితో మన ఖర్చును పోల్చవలెను.

కేవలము ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. టింకరింగునకు, రంగునకు 1,20,000 రూపాయలు చెప్పిరనుకొందము. ఇంజను, బ్రేకులు, టైర్లు, సీట్లకు 80,000. అడుగు విప్పిన పిమ్మట బయటపడు పనులకు ముందుగనే 60,000 ప్రక్కన ఉంచుట వివేకము. రిజిస్ట్రేషను రుసుములకు 20,000. మొత్తము 2,80,000. శరీరము గట్టిగాను, కాగితములు సరిగాను ఉన్న అట్టి కారే 1,50,000కు దొరకి, దానిపై 50,000 ఖర్చయినచో 2,00,000. తేడా 80,000 రూపాయలు. ఆ 80,000 తండ్రిగారి జ్ఞాపకమునకు చెల్లించు వెల. అది చెల్లింపదగదని ఎవరును అనరాదు. కాని వెల యెంతయో తెలిసి చెల్లింపవలెను.

మరొక సూత్రమును గుర్తుంచుకొనుడు. ఇంజను చెడి శరీరము గట్టిగానున్న కారు, ఇంజను బాగుండి శరీరము చీకిన కారుకంటె మేలు. ఇంజనును దించి బాగుచేయవచ్చును, మరొకటి బిగింపవచ్చును. శరీరమును మార్చుట యన్న కారునే మార్చుట. "ఇంజను ఇప్పటికీ ఒక్క తిప్పుకు లేచును" అను మాటకు మురిసి, అడుగు చూడక, వేలు ఖర్చుచేసినవారు కలరు. మోటారు భీమాపై ఆశ పెట్టుకొనుటయు తగదు. సామాన్యపు అరుగుదల, తరుగుదల భీమా క్రిందికి రావు.

కాగితముల సంగతి

పదునైదేండ్లు నిండినంతనే కారు చచ్చినట్లని కొందరు భయపడుచున్నారు. ఢిల్లీ రాజధాని ప్రాంతమున వాహనముల వయస్సునుబట్టి వచ్చిన నిషేధములు ఆ ప్రాంతమునకు సంబంధించినవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును; పిమ్మట బండిని పరీక్షకు చూపి అయిదేసి యేండ్లకు పునరుద్ధరించుకొనవచ్చును. 2021 అక్టోబరులో ప్రకటింపబడి 2022 ఏప్రిల్ 1నుండి అమలయిన నియమములచే కార్లకు ఈ రుసుము 5,000 రూపాయలయినది. గడువు దాటిన ప్రతి నెలకు 500 రూపాయల అదనపు రుసుము కూడ అందులో చేర్చబడినది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రుసుమును 10,000 రూపాయలు చేసిరి. హరిత పన్ను వేరు. మేస్త్రికి బయానా ఇవ్వకముందే రవాణా కార్యాలయమునకు పోయి, మన బండి బాకీ ఎంతయో వ్రాయించుకొనుట మంచిది. ఏండ్లతరబడి పెరటిలో నిలిచిన కారునకు ఈ మొత్తమే నిర్ణయమును మార్చవచ్చును.

ఛాసిస్ నంబరు చెక్కిన రేకు తుప్పు పట్టినచో, రవాణా అధికారులకు చూపక దానిని కోయించరాదు. ఆ నంబరు పోయినచో కారు ఉండియు లేనట్లగును.

2021 జూలైలో వచ్చిన మరొక నియమమున, మొదటి రిజిస్ట్రేషనునుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడకుండ ఉన్న కార్లను వింటేజ్ వాహనములుగా నమోదు చేయించుకొను వీలు కలదు. అట్టివానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప నిత్యోపయోగమునకు నడుపరాదు. మన ఉదాహరణలోని 1984 నాటి కారు 2034 వరకు వేచియుండవలెను. అంతవరకు అది పొడిగా, గాలి ఆడుచోట, ఉన్న రూపముననే నిలిచినచో అప్పుడు ఆలోచింపవచ్చును.

వదలుకొనవలసి వచ్చినచో

పరీక్షలో పెట్టెదూలములు రెండువైపులను చీకి, కమాన్ కట్టలు తగులుకొను చోట్లు మెత్తబడి, అతుకు పట్టుటకు గట్టిరేకు కరవైనచో, ఆ కారును రోడ్డు మీదికి తెచ్చు ఆలోచన మానుకొనవలెను. అప్పుడును తూకమునకు అమ్మి చేతులు దులుపుకొనుట సరికాదు. రిజిస్ట్రేషను మన పేరనే ఉన్నచో ఆ నంబరు దుర్వినియోగమైన పూచీ మనకు తగులును. వాహనము శాశ్వతముగా పనికిరానిదైనచో 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెనని చట్టమే చెప్పుచున్నది.

ప్రభుత్వమువద్ద నమోదయిన స్క్రాపింగు కేంద్రమునకు అప్పగించినచో వారు డిపాజిట్ సర్టిఫికెటు ఇత్తురు. దానిని చూపి కొను క్రొత్త సొంతకారునకు రిజిస్ట్రేషను రుసుము మినహాయింపును, వాహనపు పన్నులో 25 శాతమునకు మించని రాయితీని ఇచ్చుటకు 2021 నాటి కేంద్ర నియమములు అవకాశము కల్పించినవి. రాయితీ వివరములు రాష్ట్రమునుబట్టి ఉండును గాన రవాణా కార్యాలయమున విచారించుకొనవలెను. అప్పగింపకముందు దీపములు, తలుపుల పిడులు, స్టీరింగు చక్రము వంటివి విప్పి ఉంచుకొన్నచో అదే నమూనా కారును కాపాడుకొనుచున్న మరొకరికి ఉపయోగపడును. 2014తో అంబాసిడరు తయారీయే ఆగిపోయినది గదా!

ఇప్పుడు తిరుచానూరు పెరటిలోని కారు వద్దకు మరల పోవుదము. తల్లి మాట, కోడలి మాట, మేస్త్రి మాట, ఇనుము కొనువాని మాట నాలుగును విన్న కొడుకు ఏమి చేయవలెను? మొదట బండిని మొద్దులపై నిలిపి, పట్టాలు తీసి, అడుగు గీకించి చూడవలెను. పై తుప్పు మాత్రమే అయినచో మేస్త్రి మాట వినవచ్చును. ప్రాణముమీది తుప్పు ఒకటి రెండు చోట్ల ఉండి, చుట్టును గట్టి లోహమున్నచో, లెక్క వేసుకొని, ఆ తేడా భరింపగలిగినచో తల్లి కోరిక తీర్పవచ్చును. రెండువైపులను చీకినచో కోడలి మాటయే సత్యము.

ఇంత చూచిన పిమ్మటను మనస్సు నిలువకున్నచో, ఒక్క ప్రశ్న వేసికొనుడు. ఈ బండిలో నా పిల్లలను వెనుక సీటున కూర్చుండబెట్టుకొని, వానపడు సాయంకాలమున, మొదటి ఘాట్ రోడ్డు మలుపులు దిగగలనా? మరమ్మతు అయిన పిమ్మట "దిగగలను" అని ధైర్యముగా చెప్పగలిగినచో, ఖర్చు కొంత ఎక్కువైనను ఆ కారు బాగుచేయదగినదే. చెప్పలేనిచో ఎంత మెరుగు రంగు వేసినను అది పెరటిలోని బొమ్మయే. పెద్దాయన ఆ బండిని కొన్నది ఇంటివారిని క్షేమముగా చేర్చుటకు. నిర్ణయము ఏదైనను, ఆయన ఉద్దేశము చెడకుండ చూచుకొనుట కొడుకు పని.